చీపురుపుల్లతో కొలిచిన క్రాంకు

సైకిలు పెడలుకీ, మధ్యలో తిరిగే ఇరుసుకీ నడుమ ఒక ఇనప చెయ్యి ఉంటుంది. దాన్ని క్రాంకు అంటారు. సైకిలు కొనేవాళ్ళు గంట మోగించి చూస్తారు, బ్రేకు నొక్కి చూస్తారు, సీటు మీద చరిచి చూస్తారు. క్రాంకు వంక చూసినవాళ్ళని నేను ఎరగను. నేనూ చూడలేదు. దాన్ని మార్చినప్పుడూ చూడలేదు, దాని మూలాన నా మోకాలు పాడైనప్పుడూ చూడలేదు. చివరికి చూసిన రోజున కలిగిన ఆశ్చర్యం మాత్రం ఇన్నేళ్ళయినా అలాగే ఉంది. ఆలస్యంగా అయినా అక్షరాలు నేర్చుకున్నాను గనక దాన్ని కాగితం మీద పెడుతున్నాను. అప్పట్లో నాకు కొలతంటే వేలు, బెత్తెడు, జాన, లేదా చేతికందిన పుల్ల.

డెబ్బైల చివరి రోజులవి. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్ళి, హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో పడ్డాం. మేము బాగ్‌బేరాలో, రైల్వే యార్డు అవతల ఉండేవాళ్ళం. మా ఆయన కాంట్రాక్టు ఖలాసీ. ఖలాసీలంటే పెద్దపెద్ద యంత్రాలను గడ్డపారలతో, గొలుసులతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపేవాళ్ళు. పని ఉన్న నెల ఉండేది, లేని నెల లేదు. అందుకని నేను క్యారేజీలు మొదలుపెట్టాను. నది అవతల గమ్హరియాలో చిన్నచిన్న ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటిలో మన శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు చాలామంది చేరారు. వాళ్ళకు రొట్టెలతో కడుపు నిండేది కాదు. పొద్దున్నే అన్నం, పప్పు, ఒక కూర, చారు వండి, క్యారేజీలు సర్ది, మధ్యాహ్నం కూత వేసే వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి. మొదట్లో ఒకతను రిక్షా మీద తీసుకెళ్ళేవాడు. అతను మానేశాక ఇక నేనే వెళ్ళాలి, లేదా మానుకోవాలి.

మా ఆయన జుగ్సలాయి బజారుకి వెళ్ళి పాత లేడీస్ సైకిలు ఒకటి తెచ్చారు. యార్డు పక్క మైదానంలో నేర్చుకున్నాను. మా వదిన, అంటే మా ఆయన అక్క, పక్క గదిలోనే ఉండేది. నేను పడినప్పుడల్లా ఆమె చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

“ఓలమ్మా, ఈ మరదలు సైకిల్ని తొక్కతందా, సైకిలు మరదల్ని తొక్కతందా?”

“నువ్వు కూడా ఎక్కొదినా, తెలుత్తాది.”

“నాకేటి కర్మ. నా కాళ్ళు నేలనున్నాయి, సల్లగున్నాయి.”

ఆమె నాకంటే చాలా పొడుగు. నేను పొట్టి. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

సైకిలు వచ్చాక ఆ దారి నాదైపోయింది. జుగ్సలాయిలో గోదాముల ముందు లారీలు ఆగి ఉండేవి, ఆ సందుల్లోంచి దూరి పోవడం, ఆదిత్యపూర్ వైపు ఖర్కాయి నది వంతెన ఎక్కడం, కింద రాళ్ళ మధ్య నీళ్ళు చూడడం. అటూ ఇటూ హ్యాండిల్‌కి క్యారేజీలు, వెనక చెక్కపెట్టె నిండా క్యారేజీలు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేను. అంతవరకూ మొగుడి వెనక నడవడమే తప్ప ఊళ్ళో ఒక్కదాన్నే ఎటూ వెళ్ళినదాన్ని కాదు. ఆ గేటు దగ్గర కుర్రాళ్ళు “అక్క వచ్చేసింది” అని లేచి నిలబడితే నాకు లోపల ఏదో వెలిగినట్టుండేది.

క్యారేజీలు పెరిగాయి. బరువు పెరిగింది. వంతెనకు ఎక్కే చోట, తర్వాత గమ్హరియా దారిలో ఇంకో ఎత్తు దగ్గర, సైకిలు కదిలేది కాదు. దిగి తోసుకుంటూ వెళ్ళేదాన్ని. ఒకటి రెండుసార్లు కూత వేశాక చేరాను. ఒకరోజు ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన అన్నం ముందు కూర్చుని ఆలోచించారు.

“ఎత్తు దగ్గిర బరువు లాగలేకపోతన్నావు, అంతేనా?”

“అంతే. కాలు కిందకి దిగదు.”

“మరి మేమేటి సేత్తాం? పొట్టి గడ్డపారకి మిషను లేవకపోతే పొడుగు గడ్డపార ఎడతాం. ఎంత పొడుగైతే అంత తేలిక. నీ పెడలు కాడ కూడా ఒక గడ్డపారే ఉంది. దాన్ని పొడుగు సేసెత్తాను, ఉండు.”

ఆ మాట వినగానే నాకు ఎంత గొప్పగా అనిపించిందో. జీవితమంతా ఇనుము జరిపిన మనిషి నా సైకిల్లో తన పనిముట్టుని చూశారు. సెలవు రోజున జుగ్సలాయిలో పాత సామాన్ల కుప్పలో వెతికి, బరువులు మోసే పెద్ద సైకిలు తాలూకు క్రాంకులు తెచ్చి తనే బిగించారు. పెడలు కిందకి వెళ్ళినప్పుడు నా కాలు అందలేదు. దానికి సీటు కొంచెం దించారు. “ఇంక సూడు,” అన్నారు.

చూశాను. నిజంగానే ఎత్తు తేలికయింది. వంతెన దగ్గర దిగకుండా ఎక్కేశాను. పైకి చేరి వెనక్కి తిరిగి చూస్తే దారి అంతా నా కాళ్ళ కింద నుంచి జారిపోయినట్టుంది. ఆ సాయంత్రం ఆయనకి చెబితే మీసం కింద నవ్వుకున్నారు. మర్నాడు పనిలో ఖలాసీలందరికీ చెప్పారట.

ఒక్కటే చిన్న ఇబ్బంది. మలుపు దగ్గర సైకిలు ఒరిగితే పెడలు నేలకి గీసుకునేది. పెద్దగా పట్టించుకోలేదు.

వానలు మొదలయ్యేసరికి కుడి మోకాలు నొప్పి పట్టుకుంది. మొదట మెట్లెక్కితే, తర్వాత పీట మీద నుంచి లేస్తే. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని వండుతాను కదా, అందుకేననుకున్నాను. చెమ్మకి అనుకున్నాను. ఆవనూనె వేడి చేసి రాశాను. సైకిలు మీద అనుమానమే రాలేదు. ఎలా వస్తుంది? తేలిక చేసినది అదే కదా. నొప్పి పెరిగిన కొద్దీ ఆ పొడుగు క్రాంకుకి ఇంకా దణ్ణం పెట్టుకున్నాను, ఇదే లేకపోతే ఈ మోకాలితో ఎత్తు ఎలా ఎక్కేదాన్ని అని.

ఒక పొద్దున లేచేసరికి మోకాలు బూరెలా ఉబ్బి ఉంది. కింద మోపలేకపోయాను. ఆ రోజు మా ఆయన పని మానుకుని క్యారేజీలు పట్టుకెళ్ళారు. సాయంత్రం ఖాళీ క్యారేజీలు తెచ్చి గుమ్మంలో పెడుతూ, గేటు పక్కన ఎవరో కొత్తగా మెస్సు తెరిచారని, అన్నం కూడా పెడతారని, మన కుర్రాళ్ళని అడుగుతున్నారని చెప్పారు.

“ఆళ్ళేటన్నారు?” అని అడిగాను.

“అక్క ఎప్పుడొత్తాదని అడిగినారు. బేగి రాకపోతే మరేటి సేత్తారు? కడుపు ఊరుకోదు కదా.”

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దాయన, హిందీ ఆయన. మంచం మీద పడుకోబెట్టి నా కాలు తన చేతుల్లోకి తీసుకుని మెల్లిగా మడుస్తూ పోయారు. ఒకచోట నేను “అమ్మా” అన్నాను. అక్కడ ఆపి, “బస్, యహా తక్,” అన్నారు. ఇక్కడిదాకా ఫర్వాలేదు, దీన్ని దాటి మడవకూడదు, నేల మీద గొంతుక్కూర్చోవద్దు, కొన్నాళ్ళు సైకిలు వద్దు అని చెప్పారు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళని అడిగితే మోకాలినే అడగమన్నారు. నా తొడకీ పిక్కకీ మధ్య ఆయన ఆపిన ఆ మూల నా కంట్లో ఉండిపోయింది. తలుపు సగం తెరిచి ఆపినట్టు.

ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాను. వంట వదిన చేసేది, మోత ఆయన చేసేవారు. పని మానుకుంటూ పోతే కాంట్రాక్టరు ఊరుకోడు. ఆ వారం దాటితే క్యారేజీలు వదిలెయ్యడమేనని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాట అనలేదు. వదిన మాత్రం అనేసింది.

“ఒగ్గీయే మరదలా. ఆడదానివి, రోడ్డెమ్మట ఎన్నాళ్ళు తిరుగుతావు? ఇంటికాడ ఏదో ఒకటి సేసుకుందాం.”

నేను గోడ వైపు తిరిగాను. వంతెన మీద గాలి గుర్తొచ్చింది.

మర్నాడు వదిన నా మంచం ఎదురుగానే తిరగలి పెట్టుకుని చోళ్ళు, అంటే రాగులు, విసరడానికి కూర్చుంది. మా అత్తగారి తిరగలి అది. ఊరి నుంచి రైల్లో తెచ్చుకున్నాం. దాని పై రాయికి రెండు బొక్కలుండేవి, ఒకటి అంచున, ఇంకొకటి కొంచెం లోపలికి. పిడి ఎప్పుడూ అంచు బొక్కలోనే ఉండేది. ఆ రోజు వదిన దాన్ని పీకి లోపలి బొక్కలో దిగ్గొట్టింది.

“అలగెందుకు మార్చినావొదినా?”

“నిన్న నీళ్ళ బిందె మోసి బుజం పట్టీసినాది. పిడి సివరనుంటే రాయి తేలిగ్గా తిరుగుతాది గాని సెయ్యి దూరం పోయి రావాల. లోపలెడితే కొంచెం బరువే. కాని బుజం లెగదు. మాయమ్మకి కూడా బుజం నొప్పొచ్చినప్పుడే కదా, మా అయ్య ఈ బొక్క తొలిపించినాడు.”

తిరగలి తిరుగుతోంది. నేను పిండి వంక చూడటం మానేసి ఆమె మోచేతి వంక చూశాను. చెయ్యి గుండ్రంగా వెళ్ళి వస్తోంది, చిన్న సున్నా. కాసేపు పిడిని మళ్ళీ అంచుకి పెట్టమన్నాను. విసుక్కుంటూనే పెట్టింది. ఇప్పుడు పెద్ద సున్నా. దూరంగా పోయినచోట భుజం లేచింది, ఆమె మొహం చిట్లింది. రాయి మాత్రం తేలిగ్గా తిరుగుతోంది.

చాపిన నా మోకాలి వంక చూసుకున్నాను. నా కాలు కూడా రోజూ ఒక సున్నా చుడుతోంది. దాన్ని తేలిక చేద్దామని మా ఆయన ఆ సున్నాని పెద్దది చేశారు. పెడలు పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు డాక్టరు ఆపిన మూలని దాటి పొట్ట దాకా వస్తోంది. ఆ పైన సీటు కూడా దించాం. గడ్డపార పట్టుకునే మనిషి నొప్పి పుడితే ఒకడుగు వెనక్కి జరుగుతాడు. పెడలు మీద కాలికి జరగడానికి చోటేది?

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

“అంటే నేనెట్టిన క్రాంకే నీ కాలు ఇరగ్గొట్టినాదంటావా?”

“నువ్వెట్టింది తేలికే అయ్యింది, కాదన్నానా? ఆ తేలిక నా మోకాలు మోసినాది.”

“పొడుగు గడ్డపార కంటే పొట్టి గడ్డపార మంచిదని ఏ ఖలాసీ సెప్పడు.”

“ఖలాసీ సెప్పడు గాని తిరగలి సెప్పినాది,” అంది వదిన గుమ్మంలోంచి. “తమ్ముడూ, దాని మొగం సూడు. ఒకసారి కొలిసి సూత్తే నీ సొమ్మేటి పోయింది?”

ఆయన సైకిలు లోపలికి తెచ్చి గోడకి ఆనించి పట్టుకున్నారు. వదిన నన్ను ఎక్కించింది. ముగ్గు వేసే సుద్దముక్క తీసుకుంది. నేను ఒక కాలు హాయిగా కిందకి చాపాను. పాదం ఉన్నచోట ఆమె గోడ మీద గీత గీసింది. తర్వాత అదే కాలు మెల్లిగా పైకెత్తాను, డాక్టరు ఆపిన మూల వచ్చేదాకా. అక్కడ ఇంకో గీత. ఊరి నుంచి తెచ్చిన కొబ్బరి ఈనెల చీపురులోంచి ఒక పుల్ల పీకి, రెండు గీతల మధ్య పెట్టి విరిచింది.

ఆ పుల్లను వేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకి తడిమాను. ఇది నా కాలు చుట్టగలిగిన సున్నా. అటు అంచు నుంచి ఇటు అంచుకి. ముగ్గులో సున్నా చుట్టాలంటే నడిమధ్య నుంచి అంచు దాకా దారం పట్టుకుంటాం. అంటే ఇందులో సగం. పుల్లను సరిగ్గా సగానికి మడిచాను.

అంతే. క్రాంకు నా చేతిలో ఉంది.

ఆ క్షణాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. దుకాణంలో ఎక్కడో ఉన్న ఇనుము ఎంత ఉండాలో నా ఒళ్ళే చెప్పింది, ఒక చీపురుపుల్లలో. మా ఆయన పొడుగు క్రాంకు పక్కన ఇంకో పుల్ల పెట్టి విరిచారు. పాత క్రాంకులు మంచం కింద ఉంటే వాటికీ ఒకటి విరిచారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. పొడుగు దానికీ పాత దానికీ తేడా వేలి మందం కూడా లేదు. నా మడత పుల్ల పాత దానికంటే ఇంకో వేలు తక్కువ. ఇళ్ళంతేసి మిషన్లు జరిపే మనిషి ఆ మూడు పుల్లల మీదకి వంగి, “ఇంత ముక్కకేనా?” అన్నారు, దేవుడి గదిలో మాట్లాడినంత మెల్లిగా.

ఇద్దరం జుగ్సలాయి వెళ్ళాం. నేను రిక్షాలో, ఆయన పక్కన సైకిలు నడిపించుకుంటూ. సైకిలు దుకాణంలో మిస్త్రీ ముసలాయన. మడిచిన పుల్ల చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

“యే క్యా హై, దీదీ? ఇదేమిటి, పళ్ళు కుట్టుకోడానికా?”

ఇంత క్రాంకు కావాలన్నాను. జనం సీటు అడుగుతారు, మడ్‌గార్డు అడుగుతారు, ఇన్నేళ్ళలో క్రాంకు పొడుగు అడిగినవాళ్ళు లేరన్నాడు. అందరికీ ఒకటే సైజు, అందరూ తొక్కుతూనే ఉన్నారు కదా అన్నాడు. నేను నా కాలు, ఆయన కాలు చూపించాను. “అందరి కాళ్ళూ ఒకటేనా, మిస్త్రీగారూ?” అన్నాను వచ్చీరాని హిందీలో. అతను నవ్వి లోపలికి వెళ్ళి ఇనప సామాను దొర్లించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే తెచ్చి పుల్ల పక్కన పెట్టేవాడు, తల ఊపి విసిరేసేవాడు. చాలాసేపటికి బడిపిల్లల సైకిలుది ఒక జత తెచ్చాడు. తుప్పు పట్టి ఉంది. పుల్ల పెట్టాడు. రెండు చివరలూ సరిగ్గా కలిశాయి. అతను నా వంక, పుల్ల వంక మార్చి మార్చి చూశాడు.

దానితోపాటు పళ్ళ చక్రం కూడా చిన్నదే వచ్చింది. మా ఆయన అది చూసి ఆగిపోయారు.

“క్రాంకు పొట్టైతే ఎత్తు దగ్గిర బరువైపోదా? మళ్ళీ దిగి తోసుకోవాల.”

మిస్త్రీ ఆ చిన్న చక్రం మీద వేలు పెట్టి తిప్పి చూపించాడు. చక్రం చిన్నదైతే ఒక్కో తొక్కుకి సైకిలు కొంచెమే ముందుకెళ్తుంది, అందుకని బరువు తెలియదు, కానీ కాళ్ళు ఎక్కువసార్లు తిరగాలి, అందరూ నిన్ను దాటి పోతారు, కోపం తెచ్చుకోకు అన్నాడు. గొలుసులో కొన్ని లంకెలు తీసేసి పొట్టి చేశాడు. పెడలు ఇప్పుడు అంత కిందకి దిగదు గనక సీటు పైకెత్తాడు. ఎక్కి కూర్చుంటే నేనే పొడుగైనట్టనిపించింది.

వాపు పూర్తిగా తగ్గేదాకా ఆగుదామన్నారు ఆయన, కాంట్రాక్టరుని బతిమాలుకుని అన్నాళ్ళూ క్యారేజీలు తనే మోశారు. తగ్గేదాకా ఇంటి ముందే రోజూ కాస్త కాస్త తొక్కాను. మెస్సువాడు ఒకరిద్దరిని లాక్కున్నాడని తెలిసింది. అయినా ఆగాను. తర్వాత ఒక పొద్దున డాక్టరు మళ్ళీ చూసి, మెల్లిగా వెళ్ళమన్నాక, క్యారేజీలు సర్దుకుని బయలుదేరాను. సగమే. మిగతావి ఆయన పట్టుకుని, ఎవరినో అడిగి తెచ్చిన సైకిలు మీద వెనక వచ్చారు.

మొదట నవ్వొచ్చింది. కాళ్ళు అంత త్వరగా తిరుగుతుంటే ఎవరివో కాళ్ళు అనిపించింది. జుగ్సలాయి దాటుతుంటే గోదాము ముందు హమాలీలు చూసి ఏదో అన్నారు, నవ్వారు. ముసలాయన ఒకడు నన్ను దాటి పోయాడు. పాలవాడు దాటాడు. నేను మోకాలి కోసమే చెవి ఒగ్గాను. ప్రతి చుట్టుకీ పైకొచ్చినప్పుడు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని పళ్ళు బిగించాను. రాలేదు. పెడలు పైకొచ్చింది, దిగింది, మళ్ళీ వచ్చింది. తలుపు డాక్టరు ఆపినచోటనే ఆగి మళ్ళీ తెరుచుకుంటోంది. వంతెన ఎత్తు దగ్గర కాళ్ళు టకటకా తిరుగుతూనే ఉన్నాయి. సైకిలు నడిచే మనిషంత మెల్లిగా ఎక్కింది. దిగలేదు.

వంతెన మీద ఆగాను. అలిసిపోయి కాదు. కింద వాన నీళ్ళతో నది ఎర్రగా పోతోంది. ఇంత పెద్ద నది, దాని మీద ఇంత పెద్ద వంతెన, దూరంగా అన్ని పొగగొట్టాలు, వీటన్నిటి మధ్య నన్ను ఇక్కడికి మోసుకొచ్చింది వేలెడు ఇనుము తగ్గడం. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి గనక దణ్ణం పెట్టలేదు, అంతే.

ఆయన వెనక నుంచి వచ్చి ఆగారు. “నొప్పా?” అన్నారు కంగారుగా.

“నేదు.”

“మరేటి, ఆగిపోనావు?”

“సూత్తన్నాను.”

ఆయన కూడా చూశారు, ఏం చూడాలో తెలియకపోయినా. తర్వాత నా క్రాంకు వైపు వంగి, “మిషన్ని లేపడానికి పొడుగు కావాల. మనిషికి మనిషంతే కావాల,” అని గొణిగి, సైకిలెక్కి ముందుకెళ్ళిపోయారు.

గేటు దగ్గరికి చేరేసరికి కూత ఇంకా వెయ్యలేదు. ఒక కుర్రాడు నా కాళ్ళ వేగం చూసి, “ఒరే, కుట్టుమిషను వత్తందిరో,” అని అరిచాడు. ఆ పేరు నాకు చాలా ఏళ్ళు ఉండిపోయింది. మెస్సుకి వెళ్ళినవాళ్ళు ఆ వారంలోనే తిరిగి వచ్చారు. వాడి చారులో పోపు లేదట. నేను క్యారేజీలు మోసింది ఆ క్రాంకులతోనే, మోయడం మానుకునేదాకా.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం, క్యారేజీలు కడిగి ఎండలో బోర్లిస్తున్నాను. వదిన వచ్చి సైకిలు సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. ఎటో చూస్తూ అంది:

“ఇది కష్టమేటి?”

“ఏది?”

“ఇదే. ఎక్కడం.”

నేను నవ్వితే కొట్టేస్తుందని నవ్వలేదు. “కష్టం నేదు. కాని ఇది నీకు పనికిరాదొదినా. నీ కాళ్ళు ఏరు, నా కాళ్ళు ఏరు.”

“మరి?”

లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చాను. ఆమె కాలు చాపి గోడకి ఆనుకుంది, చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ. నేను చీపురులోంచి అన్నిటికంటే పొడుగైన పుల్ల వెతికి పీకాను.